పశువైద్య సహాయకులకు నిరంతర శిక్షణ తప్పనిసరి కావాలా? గంటలు ఎవరు లెక్కపెట్టాలి, ఖర్చు ఎవరు భరించాలి?

పాలచుక్క

అందరికీ నమస్కారం. నేను ప్రకాశం జిల్లాలో పశుసంవర్ధక సహాయకురాలిని. పదో తరగతి తర్వాత రెండేళ్ల పశుసంవర్ధక పాలిటెక్నిక్ డిప్లొమా చదివి, 2019లో గ్రామ సచివాలయాల నియామకాలు జరిగినప్పుడు ఉద్యోగంలో చేరాను.

మా పిన్ని కూతురు కాలిఫోర్నియాలో కుక్కల, పిల్లుల ఆసుపత్రిలో రిజిస్టర్డ్ వెటర్నరీ టెక్నీషియన్ (ఆర్వీటీ), అంటే పశువైద్యుడికి సాయపడే లైసెన్సు ఉన్న సహాయకురాలు. మొన్న ఫోనులో మాట్లాడుతూ, "ఈ ఆదివారం క్లాసులున్నాయి, గంటలు నిండకపోతే నా లైసెన్సు పునరుద్ధరణ కాదు" అంది. ఏడాదికి 20 గంటలట. ఫోను పెట్టేశాక చాలాసేపు ఆలోచిస్తూ కూర్చున్నాను. ఉద్యోగంలో చేరాక కొత్తగా ఏం నేర్చుకున్నావని నన్ను ఎవరూ అడగలేదు.

నా డిప్లొమా పుస్తకాల్లో ముద్దచర్మ వ్యాధి (లంపీ స్కిన్) గురించి లేదు. ఉండే అవకాశమూ లేదు, ఎందుకంటే మన దేశంలో అది మొదటిసారి బయటపడిందే 2019లో, ఒడిశాలో. 2022లో గుజరాత్, రాజస్థాన్‌లలో ఆవులు కుప్పకూలుతున్న వార్తలు వస్తున్న రోజుల్లో మా ఊరి రైతు ఒకాయన తన ఒంగోలు ఆవు మెడ మీద లేచిన గడ్డలు చూపించి "ఇదేమిటమ్మా?" అని అడిగాడు. నేను చాటుకు వెళ్లి ఫోనులో ఒక వీడియో చూసి వచ్చి జవాబు చెప్పాను. ఆ వీడియో చేసినది ఎవరో, అతనికి ఎంత తెలుసో నాకు తెలియదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

శిక్షణలే జరగవని అనను. టీకా కార్యక్రమాల ముందు పిలుస్తారు. ఎన్ని డోసులు వచ్చాయి, 12 అంకెల చెవిపోగు వివరాలు యాప్‌లో ఎలా ఎక్కించాలి, ఎప్పటిలోగా పూర్తి చేయాలి, ఇవి చెబుతారు. అవసరమే. కానీ పశువు ఒంటి మీద చెయ్యి వేసే మనిషికి కావలసిన చదువు అది కాదు కదా. మనకు కూడా ఇన్ని గంటలు అని నిబంధన ఉంటే బాగుంటుందా? మీ అనుభవాలు చెప్పండి.

ఆర్వీటీ_శాక్రమెంటో

పాలచుక్క గారూ, ఒక చిన్న సవరణ. కాలిఫోర్నియాలో రెండేళ్లకు 20 గంటలు, ఏడాదికి కాదు. లైసెన్సు వచ్చాక మొదటి పునరుద్ధరణకు ఈ నిబంధన వర్తించదు, ఆ తర్వాత నుంచి మొదలు. ఇక్కడ రాష్ట్రానికో లెక్క: న్యూయార్క్‌లో మూడేళ్లకు 24, వాషింగ్టన్‌లో మూడేళ్లకు 30. ఉద్యోగం పేరు కూడా ఒకటి కాదు. మమ్మల్ని రిజిస్టర్డ్ అంటారు, టెక్సస్‌లో లైసెన్స్‌డ్, ఇల్లినాయ్‌లో సర్టిఫైడ్ అంటారు.

కూర్చున్న ప్రతి క్లాసూ లెక్కలోకి రాదు. రాష్ట్రాల బోర్డుల సంఘం "రేస్" అనే పేరుతో కోర్సులను పరిశీలించి ఆమోదిస్తుంది. చాలామంది ఆ ముద్ర ఉన్న కోర్సులే ఎంచుకుంటారు. పునరుద్ధరణ ఫారంలో "పూర్తి చేశాను" అని మనమే రాసిస్తాం. తర్వాత బోర్డు కొందరిని ఎంచుకుని సర్టిఫికెట్లు చూపించమంటుంది.

దీనివల్ల ఉపయోగం ఉందా అంటే, నా సంగతి చెబుతాను. గుండె ఆగిన కుక్కకు ఛాతీ నొక్కడం నేను ఆరేళ్లుగా చేస్తున్న పని. దానికి సంబంధించిన "రికవర్" మార్గదర్శకాలు 2012లో వచ్చాయి, 2024లో వాటిని సవరించారు. సవరణ తర్వాత ఒక క్లాసుకు వెళ్లాను. నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలని నాకు తెలుసు, పరీక్షలో రాశాను కూడా. కానీ బొమ్మ కుక్క మీద తాళం వినిపిస్తూ చేయిస్తే, నేను కంగారులో 140 దాటిపోతున్నానని తేలింది. ఛాతీ పూర్తిగా పైకి లేవకముందే మళ్లీ నొక్కితే గుండెలోకి రక్తం చేరదు. అంటే చెమటలు కక్కుతూ చేసిన పని సగం వృథా. ఆ క్లాసు లేకపోతే ఎన్నేళ్లయినా నాకు ఈ సంగతి తెలిసేది కాదు. తెలిసిన విషయంలోనే తప్పు చేస్తున్నామని చూపించేవాళ్లు కావాలి.

అయితే ఇంకో వైపు కూడా ఉంది. గడువు దగ్గరపడ్డాక కంప్యూటర్‌లో పాఠం నడిపించి పక్కన వంట చేసుకునేవాళ్లను చూశాను. గంటలు నిండుతాయి, ఇంకేమీ జరగదు.

విశ్రాంత_పశువైద్యుడు

నేను కరీంనగర్ ప్రాంతంలో ముప్పై ఏళ్లు పనిచేసి విశ్రాంతి తీసుకున్నాను. అమ్మా పాలచుక్కా, నువ్వు నిద్ర పట్టలేదని రాసిన మాట నాకు నచ్చింది. నిద్ర పట్టినవాళ్లతోనే నాకు భయం.

ముందు చట్టం సంగతి. 1984 భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం పట్టభద్రులైన, నమోదైన పశువైద్యులే వైద్యం చేయాలి. 30వ సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది. డిప్లొమా లేదా సర్టిఫికెట్ ఉన్న సహాయకులు, రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇస్తే, పశువైద్యుడి పర్యవేక్షణలో "చిన్న సేవలు" చేయవచ్చు. టీకాలు, విత్తులు కొట్టడం, గాయాలకు కట్టు కట్టడం, ప్రథమ చికిత్స వంటివి. నా భయం దాచుకోకుండా చెబుతాను. పదిరోజుల శిక్షణ సర్టిఫికెట్ గోడకు తగిలించుకుని అడ్డగర్భం (కడుపులో దూడ అడ్డం తిరిగిన) కేసులో ఒంటరిగా చెయ్యి పెట్టినవాళ్లను చూశాను. ఆ గేదె బతకలేదు. శిక్షణ పెంచండి, కానీ ఎక్కడ ఆగి డాక్టరును పిలవాలన్నది దానిలో మొదటి పాఠం కావాలి.

రెండో సంగతి, మీ ప్రాణాలు. 2019లో మొదలైన జాతీయ పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమంలో గాలికుంటుతో పాటు బ్రూసెల్లోసిస్ కూడా ఉంది. మన రైతులు ఈసుడు రోగం అంటారు. నాలుగు నుంచి ఎనిమిది నెలల మధ్య ఉన్న ఆడదూడలకు జీవితంలో ఒక్కసారి ఎస్-19 టీకా వేస్తాం. అందులో ఉన్నవి చచ్చిన క్రిములు కావు, బతికున్నవి. పెనుగులాడే దూడ తల తిప్పితే సూది మన చేతిలో దిగుతుంది, టీకా మందు కంట్లో చిమ్ముతుంది. నా దగ్గర పనిచేసిన ఒక సహాయకుడికి అలాగే వేలికి గుచ్చుకుంది. తుడుచుకుని పని కొనసాగించాడు. కొన్ని వారాలకు సాయంత్రం జ్వరం, చెమటలు, కీళ్లనొప్పులు. టైఫాయిడ్ అని మందులు వాడాడు. తగ్గలేదు. సూది గుచ్చుకున్న సంగతి ఆ వైద్యుడికి చెప్పాలని అతనికి తెలియదు, పశువుల టీకా మనిషికి జబ్బు తెస్తుందని ఆ వైద్యుడికి తట్టలేదు. నాకు తెలిసేసరికి ఆరు నెలలు గడిచాయి.

చేతి తొడుగులు, కళ్లద్దాలు లేకుండా ఆ టీకా సీసా తెరవకండి. గుచ్చుకుంటే సబ్బుతో బాగా కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లి, సీసా మీది పేరు చూపించండి. ఇది నేను ఏటా చెప్పాలి, మీరు ఏటా వినాలి. ఒకసారి విన్నది మూడో ఏడాదికి గుర్తుండదు.

గోపాలమిత్ర_నల్గొండ

పెద్దలు చెప్పినవన్నీ నిజమే. కానీ నిబంధన పెట్టమని అడిగేముందు మా పరిస్థితి కూడా చూడండి.

నేను ఐదు ఊళ్లు తిరిగి కృత్రిమ గర్భధారణ చేస్తాను. నాది నెలజీతం ఉద్యోగం కాదు. శిక్షణకు ఒకరోజు వెళ్తే ఆ రోజు సంపాదన పోతుంది, బస్సు ఖర్చు అదనం. అది కూడా పెద్ద సంగతి కాదు. ఆ రోజు ఎదకు వచ్చిన గేదె నాకోసం ఆగదు. తప్పిపోతే మళ్లీ 21 రోజులు. గేదెల్లో మూగ ఎద ఎక్కువ, అరవదు, రైతు కనిపెట్టేసరికే సగం సమయం అయిపోతుంది. మళ్లీ ఎద కోసం ఆగిన రోజులన్నిటికీ రైతు మేత పెట్టాలి, పాలు మాత్రం ఆలస్యం. నేను లేనందుకు అతను నష్టపోతాడు.

అమెరికాలో 20 గంటలు అంటే అక్కడ ఆసుపత్రి యజమాని సెలవు ఇస్తాడేమో, ఫీజు కడతాడేమో. ఇక్కడ లెక్క ఎవరి మీద పడుతుంది?

ఆర్వీటీ_శాక్రమెంటో

అన్నా, మీరడిగింది న్యాయమైన ప్రశ్న. ఇక్కడ కూడా అందరికీ సెలవు, ఫీజు దొరకవు. నేను మొదట పనిచేసిన చోట రెండూ ఇవ్వలేదు, ఆదివారాలు సొంత డబ్బుతో వెళ్లాను. ఇప్పుడున్న చోట ఏడాదికి కొంత మొత్తం కేటాయిస్తారు, ఉద్యోగంలో చేరేముందే అడిగి రాయించుకున్నాను. చట్టం గంటలు చెబుతుంది, డబ్బు సంగతి చెప్పదు. మీరు నిబంధన అడిగితే రెండూ కలిపి అడగండి. అనుభవంతో చెబుతున్నాను.

లీడ్స్_నర్సు

నేను ఇంగ్లండులో రిజిస్టర్డ్ వెటర్నరీ నర్సును, మాది రాజమండ్రి. ఇక్కడ ఒకప్పుడు మూడేళ్లకు 45 గంటలు ఉండేది. 2020 నుంచి ఏడాదికి 15 గంటలు చేశారు (పశువైద్యులకు 35). లెక్క అంతే అయినా తేడా ఉంది. మూడేళ్ల గడువు ఉన్నప్పుడు రెండున్నరేళ్లు మరచిపోయి చివరి ఆరు నెలల్లో పరుగెత్తేవాళ్లు.

అంతకన్నా ముఖ్యమైన మార్పు ఇంకొకటి. ఇప్పుడు గంటలు మాత్రమే రాస్తే సరిపోదు. ఏం నేర్చుకోవాలనుకున్నాను, ఏం నేర్చుకున్నాను, దానివల్ల నా పనిలో ఏం మారింది అని కూడా నమోదు చేయాలి. మొదట్లో నాకు విసుగు పుట్టించిన పని ఇది. పోయిన ఏడాది మత్తు ఇచ్చిన పిల్లుల శరీర ఉష్ణోగ్రత గురించి చదివి, "రేపటి నుంచి శస్త్రచికిత్స అయ్యాక కాదు, మత్తు ఎక్కిన నిమిషం నుంచే వెచ్చగా ఉంచుతాను" అని రాసుకున్నాను. రాశాను కాబట్టి చేశాను. పుస్తకం మూసేసి ఉంటే మరచిపోయేదాన్ని.

పైగా క్లాసులే చదువు అనుకోవద్దు. ఒక కష్టమైన కేసు గురించి డాక్టరుతో కూర్చుని మాట్లాడినా, ఒక వ్యాసం చదివినా, తోటి నర్సు పని గమనించినా లెక్కలోకి వస్తుంది. గోపాలమిత్ర అన్నగారి లాంటివారికి ఈ పద్ధతి అనువుగా ఉంటుందని నా అభిప్రాయం. ఊరు దాటి వెళ్లనవసరం లేదు.

బెజ్జూరు_సహాయకుడు

శిక్షణ ఎందుకని అడిగేవాళ్లకు మా ప్రాంతం కథ చెప్పాలి.

మా బెజ్జూరు అడవిలో పాలరాపు గుట్ట మీద పొడుగుముక్కు రాబందులు గూళ్లు కట్టుకున్నాయి. దేశమంతా రాబందులు ఎలా తుడిచిపెట్టుకుపోయాయో మీకు తెలిసే ఉంటుంది. నొప్పికి డైక్లోఫెనాక్ సూది వేసిన పశువు చనిపోతే, ఆ కళేబరం తిన్న రాబందు మూత్రపిండాలు పాడై చస్తుంది. 2006లో పశువులకు ఆ మందు నిషేధించారు. అయినా మనుషుల కోసం తయారైన పెద్ద సీసాలు పశువులకు వాడటం ఆగలేదు, అందుకే 2015లో సూదిమందును 3 మి.లీ. ఒక్క డోసు సీసాలకు పరిమితం చేశారు. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ అనే నొప్పి మందులను కూడా పశువులకు నిషేధించారు. ఎసిక్లోఫెనాక్ పశువు ఒంట్లోకి వెళ్లాక డైక్లోఫెనాక్‌గానే మారుతుంది.

నాకు ఈ 2023 నిషేధం సంగతి ఎలా తెలిసింది? అటవీశాఖవారు పెట్టిన ఒక పూట సమావేశంలో. అప్పటిదాకా, నిషేధం వచ్చిన తర్వాత కూడా కొన్ని నెలలు, నా సంచిలో కీటోప్రొఫెన్ ఉంది. డాక్టరుగారు రాసిన పాత చీటీ ప్రకారమే వాడుతున్నాను, తప్పు చేస్తున్నానని తెలియదు. గుట్ట మీద ఎగిరే ఆ పక్షులను చిన్నప్పటి నుంచి చూస్తున్నవాణ్ణి నేను. సమావేశం నుంచి నేరుగా ఇంటికొచ్చి సంచి దులిపేశాను.

మందుల పట్టిక మారితే సంచి మోసే మనిషికి చెప్పే ఏర్పాటు ఉండాలి కదా? 20 గంటలు అక్కర్లేదు, దానికి 20 నిమిషాలు చాలు.

మామునూరు_విద్యార్థి

అన్నా, మెలోక్సికామ్ అనే నొప్పి మందు కూడా నిషేధమేనని మా హాస్టల్లో ఒకరు అన్నారు. నిజమా?

విశ్రాంత_పశువైద్యుడు

కాదు బాబూ. మెలోక్సికామ్ రాబందులకు హాని చేయదని పరీక్షల్లో తేలింది. డైక్లోఫెనాక్ బదులు వాడమని చెప్పేదే దాన్ని. చూశారా, సరైన మందునే నిషేధించారన్న మాట హాస్టల్లో తిరుగుతోంది. యాంటీబయాటిక్స్ సంగతి కూడా రాసుకో: ఆహారం కోసం పెంచే జంతువులకు, కోళ్లకు కొలిస్టిన్ వాడకాన్ని 2019లో నిషేధించారు. మనుషులకు ఇతర మందులేవీ పనిచేయనప్పుడు వాడే చివరి ఆయుధాల్లో అది ఒకటి.

నిర్వాహకులు

చర్చ చాలా ఉపయోగకరంగా సాగుతోంది. ఒక మనవి: మందుల మోతాదులు ఇక్కడ రాయవద్దు, అడగవద్దు. పశువును చూసిన పశువైద్యుడే మోతాదు చెప్పాలి. అలాంటి రెండు వ్యాఖ్యలు తొలగించాం.

పిల్లికూన

నేను హైదరాబాదులో ఒక పెంపుడు జంతువుల క్లినిక్‌లో సహాయకురాలిని. నాకు డిప్లొమా కూడా లేదు. ఇంటర్ తర్వాత రిసెప్షన్‌లో చేరాను, ఆ తర్వాత కుక్కలను పట్టుకోవడం, సెలైన్ పెట్టడం, ఎక్స్‌రే తీసేటప్పుడు ఆనించి ఉంచడం, అన్నీ చూసి నేర్చుకున్నవే. ఇక్కడ మీరంతా లైసెన్సు పునరుద్ధరణ గురించి మాట్లాడుతున్నారు. పునరుద్ధరించడానికి నా దగ్గర ఏమీ లేదు. నాలాంటివాళ్లు నగరంలో చాలామంది ఉన్నారు. మాకు దారి ఏమిటి?

ఒక విషయం అడగాలని ఉంది. రెండేళ్లలో నన్ను మూడు కుక్కలు కరిచాయి. ప్రతిసారీ కరిచాక టీకాలు వేయించుకున్నాను. ముందే వేయించుకోవచ్చని ఈ మధ్య ఎవరో అన్నారు.

లీడ్స్_నర్సు

చెల్లీ, వేయించుకోవచ్చు, వేయించుకోవాలి కూడా. జంతువులతో పనిచేసేవారికి ముందస్తు రేబీస్ టీకాలు ఉంటాయి. మన దేశంలో మూడు డోసులు: మొదటి రోజు, 7వ రోజు, 21 లేదా 28వ రోజు. ఆ తర్వాత కూడా కుక్క కరిస్తే గాయం సబ్బునీటితో పదిహేను నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్లాల్సిందే, కానీ అప్పుడు తక్కువ డోసులతో సరిపోతుంది. క్లినిక్‌లో చేరిన మొదటి రోజే చెప్పాల్సిన సంగతి ఇది. ఎక్స్‌రే గదిలో సీసపు ఆప్రాన్ ఇస్తున్నారా? లేకపోతే రేపే అడుగు. కుక్కను ఆనించి పట్టుకునేటప్పుడు నీ చెయ్యి కిరణాల దారిలో ఉండకూడదు, తొడుగు ఉన్నా సరే.

ఆర్వీటీ_శాక్రమెంటో

పిల్లికూన గారూ, వ్యవసాయ నైపుణ్య మండలి కింద వెటర్నరీ క్లినికల్ అసిస్టెంట్ అనే కోర్సు ఉంది, దగ్గరలో ఎక్కడ నేర్పుతున్నారో విచారించండి. అప్పటిదాకా మీరు చేసే పనులన్నీ తేదీలతో ఒక పుస్తకంలో రాసి, నెలకోసారి మీ డాక్టరుగారితో సంతకం పెట్టించుకోండి. ఇక్కడ చదువుకునేటప్పుడు మాతో కూడా అలాంటి పట్టిక నింపించేవారు, ఏ పని ఎన్నిసార్లు చేశామో, ఎవరు చూశారో.

గోపాలమిత్ర_నల్గొండ

లీడ్స్ చెల్లెమ్మ చెప్పిన పద్ధతి మీద నిన్నంతా ఆలోచించాను. నా అభ్యంతరం చదువు మీద కాదని మళ్లీ చెబుతున్నాను. లింగనిర్ధారిత వీర్యం వచ్చాక నాకే చాలా సందేహాలున్నాయి. ఆడదూడే పుడుతుందన్న ఆశతో రైతు ఎక్కువ డబ్బు పెడుతున్నాడు. ఆ స్ట్రాలో (వీర్యం నింపిన సన్నని గొట్టంలో) వీర్యకణాల సంఖ్య మామూలు స్ట్రాలో కన్నా బాగా తక్కువ. గడ్డకట్టిన స్ట్రాను 37 డిగ్రీల నీళ్లలో 30 సెకన్లు ఉంచి కరిగించాలని నాకు తెలుసు, కానీ నీళ్లు చేత్తో తాకి అంచనా వేసేవాళ్లం చాలామందిమి ఉన్నాం. మామూలు స్ట్రాలో ఆ పొరపాటు కొంత చెల్లేది, ఇందులో చెల్లదు. థర్మామీటరు కొనుక్కున్నాను, నిజం చెప్పాలంటే ఈ చర్చ చదివాకే.

శిక్షణ పెట్టేవాళ్లకు రెండు మాటలు. గేదెలు ఎక్కువగా ఎదకు వచ్చేది వానలు వెనకపట్టినప్పటి నుంచి చలికాలం చివరిదాకా. ఆ నెలల్లో మమ్మల్ని పిలవకండి, ఎండాకాలంలో పిలవండి. రెండోది, పక్క పక్క ఊళ్ల వాళ్లను ఒకే రోజు పిలవకండి. ఒకరు వెళ్తే ఇంకొకరు ఆ ఊళ్లు చూసుకుంటారు.

పాలచుక్క

ఇన్ని రోజులు చదువుతూ ఉన్నాను, ఇప్పుడు రాస్తున్నాను. నిబంధన ఎప్పుడొస్తుందో నా చేతిలో లేదు. మా మండలంలో తోటి సహాయకులతో మాట్లాడాను. నెలకోసారి, రెండు గంటలు, మా డాక్టరుగారు ఆసుపత్రిలో కూర్చోవడానికి ఒప్పుకున్నారు. ఏడాదికి 24 గంటలు అవుతుంది. ఒక్కొక్కరు ఒక కేసు తేవాలి. పుస్తకంలో మూడు వాక్యాలు: ఏం చూశాను, ఏం చేశాను, ఇప్పుడైతే ఏం మారుస్తాను. డాక్టరుగారి సంతకం. విశ్రాంత వైద్యులుగారూ, మొదటి నెల ఎస్-19 గురించి మీరు వీడియోలో మాతో మాట్లాడగలరా?

విశ్రాంత_పశువైద్యుడు

తప్పకుండా తల్లీ. ఒక ఖాళీ సీసా, రెండు జతల తొడుగులు, కళ్లద్దాలు దగ్గర పెట్టుకుని కూర్చోండి. మాటలతో కాదు, చేయించి చూస్తాను.

పాలచుక్క

నిన్న మొదటిసారి కలిశాం. పదకొండు మందిమి ఉన్నాం, ఏడుగురు వచ్చారు. ఎస్-19 గురించి గంటన్నర జరిగింది. తొడుగులు తీసేటప్పుడు బయటి వైపు చేత్తో ముట్టుకుంటున్నామని విశ్రాంత వైద్యులుగారు వీడియోలోనే కనిపెట్టి నలుగురితో మళ్లీ చేయించారు.

మిగిలిన అరగంటలో అనుకోకుండా గాలికుంటు టీకా పెట్టె సంగతి వచ్చింది. ఎవరి పెట్టె వాళ్లు తెరిచి చూపించాం. రెండు నుంచి ఎనిమిది డిగ్రీలు అని అందరికీ కంఠస్థం. అయినా ఏడుగురిలో ముగ్గురం సీసాలను నేరుగా ఐసుకు ఆనించి పెడుతున్నాం. అందులో నేనూ ఉన్నాను. ఆ టీకా గడ్డకడితే పనిచేయదు, సూది వేసినా వేయనట్టే. మధ్యలో అట్టముక్క పెట్టాలని మా డాక్టరుగారు చూపించారు. పోయిన విడతలో నేను టీకా వేసిన పశువుల జాబితా తీసి పెట్టుకున్నాను, వాటిని ఏం చేయాలో సోమవారం డాక్టరుగారితో కూర్చుని తేల్చుకుంటాను.

గోపాలమిత్ర_నల్గొండ

అమ్మా, వచ్చే నెల మూగ ఎద గురించి పెట్టుకుంటే నేను కూడా వీడియోలో వస్తాను. నాకు తెలిసినది చెబుతాను, మీ దగ్గర లింగనిర్ధారిత వీర్యం వాడేవాళ్లుంటే వాళ్లను నేను అడగాలి. ఉదయం ఆరు లోపు అయితే కుదురుతుంది, ఆ తర్వాత ఫోన్లు మొదలవుతాయి.

పాలచుక్క

ఐదున్నరకు పెడదాం అన్నా.